పెదమల్లవరం వీరుల నిత్యప్రయాణం

యుద్ధం గెలవాలంటే ముందు జనం నవ్వాలని పెదమల్లవరం యుద్ధసహాయ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకుముందు తీర్మానం ప్రకారం తూటాలకని ఇత్తడి చెంబులు ఇచ్చేసినవాళ్ళు ఇంకా మట్టి ముంతల్లోనే నీళ్ళు తాగుతున్నారు. దానికి ముందు తీర్మానం ప్రకారం శత్రు విమానాలకు కనపడకుండా దీపాలు ఆర్పినవాళ్ళు గుమ్మాలకు గుద్దుకుని నుదుళ్ళు వాచి ఉన్నారు. ఇక వాళ్ళు ఇవ్వగలిగింది నవ్వొక్కటే.

సంఘాధ్యక్షులు రావుసాహెబ్ తంగిరాల శేషావతారం పంతులుగారు. దొరలిచ్చే బిరుదుల్లో రావుసాహెబ్ పైమెట్టు రావుబహద్దూరు. ఆ మెట్టు ఎక్కాలంటే ఆయన జిల్లా నుంచి పటాలానికి మనుషుల్ని పంపాలి. మనుషులు దొరకడం లేదు. వెళ్ళినవాళ్ళ నుంచి ఉత్తరం వస్తే ఒక దిగులు, రాకపోతే ఇంకో దిగులు. రెండూ చూసిన తల్లులు కొడుకులను సంతకు కూడా ఒంటరిగా పంపడం మానేశారు.

"భయమునకు విరుగుడు హాస్యము," అన్నారు పంతులుగారు సభలో లేచి నిలబడి. "కావున మనము ఒక హాస్య చిత్రమును నిర్మింతుము. ఆరుగురు మందబుద్ధులు పటాలమున చేరుదురు. కుడియెడమలు తెలియక నానా అగచాట్లు పడుదురు. తుదకు వీరులై రైలెక్కుదురు. ప్రేక్షకుడు పొట్ట చెక్కలగునట్లు నవ్వును. నవ్వుచుండగనే అతనిచేత సంతకము పెట్టింపవలెను. నవ్వు ఆగిన పిదప పెట్టడు."

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ రోజుల్లో ఫిలిం బియ్యం కన్నా కరువు. యుద్ధానికి పనికొచ్చే బొమ్మ తీస్తామంటే మాత్రం దొరికేది. మద్రాసులో పౌరాణికం ఒకటి సగంలో ఆగిపోయి, రాక్షసుడి వేషానికి చేసిన అప్పులు తీర్చలేక దాక్కుని తిరుగుతున్న మార్కండేయులు అనే డైరెక్టరు, కబురు అందిన మర్నాడే కెమెరాతో దిగాడు. మందబుద్ధుల వేషాలకు ఊళ్ళోనే ఉన్న వేణుగోపాల నాట్యమండలి నుంచి ఆరుగురిని తీసుకున్నారు. అందులో ముఖ్యుడు చిలకా సోమలింగం.

సోమలింగం హాస్య పాత్రలకు పెట్టింది పేరు. పొట్టి మనిషి, బానపొట్ట, అరికాళ్ళు పలకల్లా చదును. అతని భార్య పేరిందేవి అదే మండలిలో మహారాణుల వేషాలు వేసేది. రంగస్థలం మీద వందమంది రాజులకు వీరతిలకం దిద్ది యుద్ధానికి సాగనంపిన మనిషి. ఇంట్లో మాత్రం మొగుణ్ణి బావి దగ్గరికి పంపినా, జారి పడ్డాడేమోనని రెండుసార్లు తొంగి చూసేది.

మొదటిరోజు పశువుల సంత మైదానంలో కెమెరా పెట్టారు. ఆరుగురూ సైనికుల చొక్కాలు తొడుక్కోబోతుంటే, పటాలం తరపున పర్యవేక్షణకు వచ్చిన సుబేదారు దావీదు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన తల నెరిసినవాడు, తక్కువ మాట్లాడేవాడు. ఇదివరకొక యుద్ధంలో సముద్రం దాటి వెళ్ళి, చెవి అంచు ఒకటి అక్కడ వదిలేసి వచ్చాడు.

"ఆ చొక్కా సైనికుడు కానోడు తొడిగితే ఖైదండి," అన్నాడు.

"పంచెల్లో తీయమంటారా సైన్యాన్ని?" అన్నాడు మార్కండేయులు.

"కూడదు," అన్నారు పంతులుగారు. "సైన్యమును పంచెలలో చూపుట, మన వస్త్రాగారము ఖాళీ అని శత్రువునకు చాటుటయే. చొక్కా సైనికుడే తొడుగవలెనను నియమమును మనము శిరసావహింతుము. కావున వీరిని సైనికులను చేయుడు."

అంత సులువుగా చిక్కు విడిపోయేసరికి అందరూ సంతోషించారు. వెంటనే డాక్టరును పిలిపించారు.

"ఊపిరి పీల్చవయ్యా," అన్నాడు డాక్టరు టేపు పట్టుకుని.

"పీల్చానండి," అన్నాడు సోమలింగం.

"ఇంకా పీల్చు."

"ఇది పీల్చిందేనండి."

మామూలుగా అయితే ఆ ఛాతీని పటాలం గుమ్మంలోకి కూడా రానివ్వరు. కానీ కథలో కావలసింది మందబుద్ధులు గనుక, 'పాత్రకు తగిన ఛాతీ' అని డాక్టరు రాసిచ్చాడు. ఆరుగురూ సంతకాలు పెట్టి, చొక్కాలు తొడుక్కుని, ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు.

ఇంటికొచ్చిన సైనికుణ్ణి పేరిందేవి గుమ్మంలోనే నిలబెట్టింది.

"సంతకం ఎందుకు పెట్టావయ్యా?"

"చొక్కా కోసం."

"చొక్కా కోసం పటాలంలో చేరినోణ్ణి ఇప్పుడే చూట్టం. మళ్ళీ ఎప్పుడు వదుల్తారంట?"

"షూటింగు అయిపోంగానే."

"ఎవరు చెప్పారు?"

సోమలింగం కొత్త చొక్కా జేబులు తడుముకున్నాడు. "ఎవరూ చెప్పలా. నేనే అనుకున్నా."

మర్నాడు తొలి హాస్య సన్నివేశం. సోమలింగం ఎడమచేత్తో సెల్యూట్ చేసి, తన తుపాకీ తనకే అడ్డుపడి బోర్లా పడాలి. బ్రహ్మాండంగా పడ్డాడు. చూడవచ్చిన జనం గొల్లుమన్నారు. మార్కండేయులు కట్ చెప్పేలోపే, సుబేదారు సోమలింగాన్ని లేపి, వీపుకి ఇసకమూట కట్టి మైదానం చుట్టూ పరిగెత్తించాడు.

"అది వేషమయ్యా సుబేదారుగారూ," అన్నాడు డైరెక్టరు.

"నిన్నటిదాకా వేషం. ఇప్పుడు సిపాయి. సిపాయి తుపాకీ కింద పడేస్తే ఇదే శిక్ష. సినిమాకైతే వద్దని మా పుస్తకంలో లేదు."

విషయం సంఘం ముందుకు వెళ్ళింది. పంతులుగారు కళ్ళు మూసుకుని విని, తీర్పు చెప్పారు. "తప్పు చేయుటకును అర్హత కావలెను. కుడికాలెయ్యదో ఎరుగనివాడు ఎడమకాలు మోపిన అది అజ్ఞానము. ఎరిగినవాడు మోపిన అది హాస్యము. కావున వీరు ముందు సమగ్ర శిక్షణ పొంది, నిష్ణాతులై, అటుపిమ్మట తప్పులు చేయుదురు గాక."

కెమెరాకు గుడ్డ కప్పేశారు. వర్షాకాలమంతా సుబేదారు ఆరుగురికీ కవాతు నేర్పాడు. ఓపిక గల మనిషి. పద్యం లయ మీద అడుగు వేయిస్తే తొందరగా పడుతుందని కనిపెట్టి, హార్మోనియం తెప్పించి మరీ నేర్పాడు. వర్షాలు వెలిసేసరికి సోమలింగం పొట్ట కరిగింది. నడుం నిటారైంది. ఆరుగురూ కదిలితే ఒక్క మనిషి కదిలినట్టుండేది.

అప్పుడు కెమెరా మీద గుడ్డ తీశారు. సోమలింగం తప్పు అడుగు వేయబోయాడు. పడలేదు. బోర్లా పడబోయాడు. మోకాలు తనంతట తానే వంగి, మనిషి గురి చూసే భంగిమలో ఆగింది. జనం నవ్వలేదు. ఒక ముసలాయన లేచి నిలబడి దండం కూడా పెట్టాడు.

"నా బతుకు బుగ్గయిపోయింది," అన్నాడు సోమలింగం ఇంటికొచ్చి. "ముప్ఫై ఏళ్ళు పడ్డాను పేరిందేవీ. ఇప్పుడు పడమంటే పడలేకపోతున్నా."

మిగిలిన హాస్యాన్ని సంఘం వారి రహస్య పరిశీలక ఉపసంఘం చూసుకుంది. వంటశాలలో ఆరుగురూ బంగాళాదుంపల గుట్ట ముందు కూర్చుని తొక్క తీస్తూ ఏడ్చే సన్నివేశం ఒకటుంది. ఆ గుట్టను బట్టి శత్రువు మన సైన్యం సంఖ్య లెక్కగడతాడని ఉపసంఘం అభ్యంతరం చెప్పింది. దుంపలు తీసేసి ఒక గుమ్మడికాయ పెట్టారు. ఒక్క కాయే ఉంటే మన దగ్గర తిండి లేదనుకుంటాడని, దాన్నీ తీసేశారు. చివరికి ఆరుగురు వీరులు ఖాళీ నేల చుట్టూ కూర్చుని, కారణం తెలియకుండా ఏడ్చే సన్నివేశం తీశారు. ఇది చాలా సహజంగా వచ్చిందని మార్కండేయులు అన్నాడు.

ఈలోగా పై కార్యాలయంలో ఎవరో లెక్కలు తిరగేశారు. పెదమల్లవరంలో సంపూర్ణ శిక్షణ పొందిన సిపాయిలు ఆరుగురు ఖాళీగా ఉన్నట్టు తేలింది. తంతి వచ్చింది. 'చిత్రము యొక్క కడపటి దృశ్యము పూర్తియైన తక్షణము ఆరుగురిని తూర్పు సరిహద్దునకు పంపవలెను.'

పేరిందేవి పంతులుగారి ఇంటికి వెళ్ళి మెట్ల కింద నిలబడింది.

"బాబుగారూ, మావాడు వేషగాడండి. కుక్క మొరిగితే నా ఎనకమాల దాక్కుంటాడు. ఆణ్ణి యుద్ధానికి పంపటం ఏందండి?"

"అమ్మా, నీ భర్త సైనికుని పాత్రను ఎంత సహజముగా పోషించెనన్న, సాక్షాత్తు ప్రభుత్వమే నమ్మినది. ఏ నటునకు లభించినది ఈ గౌరవము?"

"గౌరవం తిరిగొస్తదాండి ఇంటికి?"

"అది సైనిక రహస్యము," అన్నారు పంతులుగారు, ఎంతో మర్యాదగా. "పైగా, కడపటి దృశ్యము వీరులు రైలెక్కుట. వారు నిజముగనే పోవుచుండుటచే సంఘమునకు బండి ఖర్చు మిగులుచున్నది."

అక్కణ్ణుంచి ఆమె సుబేదారు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెట్టు కింద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు.

"మీరే తయారు చేశారు ఆణ్ణి," అంది.

"బాగా తయారయ్యాడమ్మా. అదే పొరపాటైంది." బూటు కింద పెట్టాడు. "నా చేతిలో ఏం లేదు. తంతిలో ఉన్నది ఒకటే ముక్క. ఆఖరి సీను అయ్యాక పంపమన్నారు. అవకముందు పంపమన్లేదు."

"అవకపోతే?"

"అవకపోతే పంపే హక్కు నాక్కూడా లేదు," అన్నాడు సుబేదారు, రెండో బూటు అందుకుంటూ.

ప్రయాణం ముందురోజు సాయంత్రం పేరిందేవి జాడీలోంచి ఆవకాయ తీసి సీసాలో కుక్కుతోంది. సోమలింగం గోడకు చేరగిలబడి, వీరుడి గొంతుతో అన్నాడు, "దేవీ, కంట నీరు పెట్టకు."

"పెట్టట్లేదు. ఆవకాయ ఘాటు."

అతను గోడ వదిలి ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత మామూలు గొంతుతో అన్నాడు. "పేరిందేవీ, అక్కడ కాల్చేది ఉత్తుత్తి మందు కాదంట."

ఆమె సీసా మూత బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించింది.

మర్నాడు స్టేషన్లో ఇసకేస్తే రాలని జనం. పంతులుగారు ఒక గంట మాట్లాడారు. ఆరుగురికీ దండలు వేశారు. పేరిందేవి తిలకం దిద్దింది. వంద యుద్ధాలకు దిద్దిన ఆమె చేతిలో తిలకం వంకరపోవడం అదే మొదలు. పాసింజరు బండి కూత వేసింది. కెమెరా తిరిగింది. సోమలింగం పెట్టె గుమ్మంలో నిలబడి, మార్కండేయులు ఈ సందర్భానికే రాసిన పద్యం ఎత్తుకున్నాడు.

పోయి వత్తు దేవి పోరాటమున కేగి
తిరిగి వత్తు గెలిచి తెల్లవార
వేడివేడి చారు పెట్టియుంచుము నాకు
చద్దికూడు కూడ సర్దియుంచు

రాగం ఎక్కడికో వెళ్ళి దిగివచ్చింది. బండి కదిలింది. జనం చేతులూపారు. అప్పుడు జనంలోంచి ఒక ఆడగొంతు, నాటకాల పందిరిలో చివరి వరసకు కూడా వినపడే గొంతు, స్పష్టంగా పలికింది.

"వన్స్ మోర్."

పద్యనాటకాలు చూడనివాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జనం వన్స్ మోర్ అన్నాక మళ్ళీ పాడకుండా పోయిన నటుడు లేడు. పోతే వాడు నటుడు కాడు. యుద్ధరంగంలో చచ్చిపడి ఉన్న రాజు కూడా వన్స్ మోర్ అనగానే లేచి, దుమ్ము దులుపుకుని, మరణపద్యం మళ్ళీ పాడి, అదే చోట మళ్ళీ చచ్చేవాడు. గిట్టనివాళ్ళు మూడోసారి కూడా లేపేవారు. అయినా లేచేవాడు. అది వృత్తిధర్మం.

సోమలింగం ఆలోచించలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు అతని తరపున ఆలోచించింది. కదులుతున్న బండిలోంచి అతను ప్లాట్‌ఫారం మీదికి దిగాడు. మిగిలిన ఐదుగురూ వెనకే దిగారు. హార్మోనియం మళ్ళీ అందుకుంది. రాగం మళ్ళీ ఎక్కడికో వెళ్ళింది. అది తిరిగొచ్చేసరికి బండి వెళ్ళిపోయింది.

"దృశ్యము ఏమైనట్లు?" అన్నారు పంతులుగారు.

"చెడిపోయిందండి," అన్నాడు మార్కండేయులు. "వీరులు ఇక్కడున్నారు, బండి అక్కడుంది. రేపు మళ్ళీ తీయాలి."

మర్నాడు మళ్ళీ తీశారు. ఈసారి పేరిందేవి నోరు తెరవనక్కరలేకపోయింది. ఊరంతా అంది. ఎన్నో ఏళ్ళుగా ఆ ఊరి జనానికి వెళ్ళేవాళ్ళను ఆపే మాట ఒకటి దొరకలేదు. దొరికాక వదల్లేదు. మూడోనాడు పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ప్లాట్‌ఫారం మీద మరమరాల బుట్టలు, సోడా బళ్ళు వెలిశాయి. తాము పంపినప్పుడు ఈ సంగతి తోచనందుకు తల్లులు కొందరు కూలబడి ఏడ్చారు. ఏడ్చి, వన్స్ మోర్ అన్నారు.

"దీనిని నిషేధింపవలెను," అన్నాడు సంఘంలో ఒక సభ్యుడు.

"నిషేధమా?" అన్నారు పంతులుగారు. "వీరులు యుద్ధమునకు బయలుదేరుటను ప్రజలు మరల మరల కోరుచున్నారు. దానిని నిషేధించుట రాజద్రోహము." ఆ మాటే ఆయన పైకి రాశారు. 'పెదమల్లవరమున ప్రతిదినము ఆరుగురు వీరులు యుద్ధమునకు బయలుదేరుచున్నారు. ప్రజోత్సాహము వర్ణనాతీతము.'

పైవాళ్ళు ముగ్ధులయ్యారు. ఆ నివేదికను అన్ని జిల్లాలకూ ఆదర్శంగా పంపారు. నాటకాల వాళ్ళున్న ఊళ్ళలో నాటకాల వాళ్ళు, లేనిచోట సర్కారు కచేరీల్లోని గుమాస్తాలు బయలుదేరసాగారు. వీరప్రయాణానికి ముహూర్తాలు పెట్టించారు. రైలువాళ్ళు వీరుల కోసం ఒక పెట్టెను వేరుగా తగిలించి, వాళ్ళు దిగాక విప్పుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఆ శ్రమ ఎందుకని విప్పి ఉంచిన పెట్టెనే అక్కడ వదిలేశారు. గార్డు మాత్రం మర్యాదకు, కూత వేయించాక వన్స్ మోర్ వినపడేదాకా ఆగి, ఎర్రజెండా చూపి, పద్యం అయ్యాక పచ్చజెండా ఊపేవాడు. ఫిలిం ఎప్పుడో అయిపోయింది. ఆ మాట బయటపెడితే మళ్ళీ మద్రాసు వెళ్ళాల్సి వస్తుందని మార్కండేయులు ఖాళీ కెమెరా తిప్పుతూనే ఉన్నాడు.

పంతులుగారు రావుబహద్దూరు అయ్యారు.

సోమలింగం రోజూ పొద్దున ఇంట్లో తిని, యుద్ధానికి బయలుదేరి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాడు. "ఇయాల ఎట్టా ఎళ్ళావు?" అని అడిగేది పేరిందేవి విస్తరి వేస్తూ. "గొంతు కొంచెం బొంగురు పోయింది," అనేవాడు. ఆవకాయ సీసా విప్పి ఇద్దరూ వాడేసుకున్నారు.

చలికాలం పోయేవేళకు మళ్ళీ తంతి వచ్చింది. 'జిల్లాల నివేదికల ప్రకారము యుద్ధమునకు బయలుదేరిన వీరుల సంఖ్య సైన్యము మొత్తము సంఖ్యను మించినది. చేరినవారు ఒక్కరును లేరు. పెదమల్లవరము నుండి కనీసము ఒక్కరు చేరవలెను.'

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పేరిందేవి కిటికీ బయట నిలబడి వింది.

"సోమలింగమును పంపుదమా?" అన్నాడు సభ్యుడు.

పంతులుగారికి కోపం వచ్చింది. "బయలుదేరుటలో అంతటి అనుభవజ్ఞుడు రాజధానిలో సైతము లేడు. అతనిని పంపివైచిన రేపు ఎవరు బయలుదేరుదురు? ఆరుగురిలో ఒకరు తగ్గినను కార్యక్రమము చెడును."

"మరి డైరెక్టరు?"

"కెమెరా ఎవరు త్రిప్పుదురు?"

అలా ఒక్కొక్కరి పేరే అనుకుంటూ వెళ్ళారు. ప్రతివాడికీ ప్రయాణంలో ఏదో ఒక పని ఉంది. దండలు గుచ్చేవాడు, ఏడ్చేవాళ్ళను వరసలో నిలబెట్టేవాడు, అందరూ అవసరమే. చివరికి తేలిందేమంటే, ఈ మొత్తం వ్యవహారంలో ఏ పాత్రా లేనివాడు, యుద్ధం తప్ప మరో పని రానివాడు ఒక్కడే. సుబేదారు దావీదు. ఆయనకు ఎవరున్నారో, ఎక్కడున్నారో అంతవరకు ఎవరూ అడగలేదు. అప్పుడూ అడగలేదు.

ఆయనది వీరప్రయాణం కిందికి రాదనీ, కేవలం బదిలీ అనీ సంఘం రాసుకుంది. కాబట్టి దండ లేదు. జనం కార్యక్రమం పదిగంటలకు. సుబేదారు ఎక్కవలసింది పొద్దుటి బండి.

ఇనప్పెట్టె మీద కూర్చుని ఉన్నాడాయన. ప్లాట్‌ఫారం ఖాళీ. పేరిందేవి రెండు పొట్లాలు తెచ్చి పక్కన పెట్టింది. వెనకే సోమలింగం వచ్చి సెల్యూట్ చేశాడు, కుడిచేత్తో, నిటారుగా.

"పెరుగన్నం మధ్యాన్నానికే తినెయ్యండి, పులిసిపోద్ది. పులిహోర రాత్రిదాకా ఉంటది."

"ఇంతెందుకమ్మా?"

"ఎంత దూరమో తెలవదుగా." ఆమె కొంగు సర్దుకుంది. "కోపమా మా మీద? మావాడి బదులు మిమ్మల్ని..."

"బదులేం కాదు. మీవాడొస్తే అతణ్ణి చూసుకోటానికి ఇంకొకణ్ణి పంపాలి. గవర్నమెంటుకి ఒక మనిషి కలిసొచ్చింది." సోమలింగం వైపు తిరిగాడు. "మోకాళ్ళు జాగర్త. రోజూ దిగుతున్నావు. మళ్ళీ ఎప్పుడైనా కదిలే బండిలోంచి దిగితే ముందు వైపు దిగు, వెనక్కి కాదు."

"అట్టాగే సుబేదారుగారూ."

బండి వచ్చింది. ఆయన పెట్టె ఎత్తి, పొట్లాలు చంకలో పెట్టుకుని ఎక్కాడు. ఎక్కేవాళ్ళు ఇంకెవరూ లేరు. కూత వేసింది. చక్రాలు కదిలాయి.

పేరిందేవి అనుకుని అనలేదు. ఆ మాట ఆమె గొంతులోంచి దానంతటది వచ్చింది. ఒక్క గొంతే కావడంతో ఖాళీ స్టేషన్లో అది ఎంతో పెద్దదిగా వినపడింది.

"వన్స్ మోర్."

ఆ స్టేషన్లో ఏ బండి గార్డుకైనా ఆ మాట అలవాటే. ఎర్రజెండా చూపాడు. బండి ఆగింది. పెట్టెల్లో నిద్రపోతున్నవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. సుబేదారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కిందికి చూశాడు, ఒక్క అడుగే ఎడం. సోమలింగం చెయ్యి చాచాడు, దిగడానికి ఊతంగా.

సుబేదారు తన నెరిసిన తల ఒకసారి తడుముకున్నాడు. ఆయన సిగ్గుపడటం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"నాకు పద్యం రాదమ్మా," అన్నాడు. "బండిని పోనివ్వండి."

గార్డు ఇంకాసేపు ఆగి చూశాడు. తర్వాత ఆలస్యానికి కారణం ఏమని రాయాలో తెలియక, ఏమీ రాయకుండానే పచ్చజెండా ఊపాడు.